వైట్ మౌంటెన్స్ ఆమ్ల అటవీ నేలలు

అమెరికా ఈశాన్య మూలలో, న్యూ హాంప్‌షైర్ రాష్ట్రపు ఉత్తర భాగంలో వైట్ మౌంటెన్స్ అనే కొండల వరుస ఉంది. అపలాచియన్ పర్వత శ్రేణిలో ఇది ఒక భాగం. ఇక్కడి శిఖరాల్లో ఎత్తైనది మౌంట్ వాషింగ్టన్, 1,917 మీటర్లు. కొండవాలుల మీద మేపుల్, బీచ్, బర్చ్, స్ప్రూస్, ఫిర్ చెట్ల అడవి. ఆ అడవి కింద పలచటి, రాళ్లు నిండిన, ఆమ్లత బాగా ఎక్కువైన నేల. ప్రపంచ వర్గీకరణలో ఇలాంటి నేలలను పాడ్జాల్‌లని, అమెరికా వర్గీకరణలో స్పోడోసాల్‌లని అంటారు. కెనడా, స్కాండినేవియా, ఉత్తర రష్యా, స్కాట్లండ్ కొండల్లో ఇవి విస్తారంగా ఉన్నాయి. వాటన్నిటిలో వైట్ మౌంటెన్స్ పేరే నేలశాస్త్రంలో ఎక్కువగా వినపడడానికి కారణం హబ్బర్డ్ బ్రూక్ అనే చిన్న ఏటి లోయ. వానతో అక్కడి అడవిలోకి ఏమేం వస్తున్నాయి, ఏటితో ఏమేం పోతున్నాయి అన్న లెక్కను 1963 నుంచి విడవకుండా రాస్తున్నారు. అడవి నేల దేనితో బతుకుతుంది, దాని సారం ఎలా పోతుంది, పోయింది తిరిగి రావడానికి ఎంతకాలం పడుతుంది అన్న ప్రశ్నలకు ఇవాళ మన దగ్గరున్న జవాబుల్లో చాలా భాగం ఆ లెక్కల నుంచి వచ్చినవే.

మంచు వదిలి వెళ్లిన మన్ను

ఈ నేలల వయసు తక్కువ. గడచిన మంచుయుగంలో లారెంటైడ్ హిమఫలకం కెనడా నుంచి దిగి వచ్చి మౌంట్ వాషింగ్టన్ కొనను కూడా కప్పేసింది. అప్పటిదాకా అక్కడున్న పాత మన్నునంతా ఊడ్చుకుపోయి, అడుగు బండను గీకి, పిండి చేసి, సుమారు 14,000 ఏళ్ల కిందట కరిగి వెనక్కి తగ్గుతూ ఆ పిండినీ రాళ్లనూ కలగలిపి వాలుల మీద వదిలేసింది. భూగర్భ శాస్త్రజ్ఞులు దీన్ని టిల్ అంటారు. ఇందులో మెత్తటి ఒండ్రు నుంచి గుడిసెంత గుండ్ల దాకా అన్ని పరిమాణాలూ ఒకేచోట దొరుకుతాయి. నది తెచ్చిన మట్టిలో ఇసుక ఇసుకతో, బంక బంకతో చేరుతుంది. మంచుగడ్డ తెచ్చిన మట్టిలో అలాంటి వరుస ఏమీ ఉండదు.

ఆ రాయి ఏ రాయి అన్నదాన్ని బట్టే నేల గుణం ఉంటుంది. వైట్ మౌంటెన్స్‌లో ఎక్కువగా ఉన్నవి గ్రానైట్ జాతి రాళ్లు, అభ్రకం మెరిసే షిస్టు రాళ్లు. న్యూ హాంప్‌షైర్‌కు గ్రానైట్ రాష్ట్రమని వాడుక పేరు కూడా ఉంది. ఈ రాళ్లలో క్వార్ట్జ్ ఎక్కువ, కాల్షియం తక్కువ. ఆమ్లాన్ని విరిచేసే సున్నపురాయి దాదాపు లేదు. అంటే ఈ నేల పుట్టుకతోనే ఆమ్లం వైపు మొగ్గి ఉంది.

మిగతా పని వాతావరణానిది. హబ్బర్డ్ బ్రూక్ లోయలో జనవరి సగటు ఉష్ణోగ్రత సున్నాకు 9 డిగ్రీల సెల్సియస్ దిగువన, జూలై సగటు 18 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. ఏడాదికి సుమారు 1,400 మిల్లీమీటర్ల వర్షపాతం. అందులో పావు వంతు నుంచి మూడో వంతు దాకా మంచుగా కురుస్తుంది. మన రుతుపవనాల మాదిరిగా నాలుగు నెలల్లో కాకుండా ఈ తడి పన్నెండు నెలలకూ పంచుకుని పడుతుంది. ఆవిరయ్యేది తక్కువ కాబట్టి పడిన నీటిలో సగానికి పైగా నేలలోంచి దిగి ఏటికి చేరుతుంది. వేల ఏళ్లుగా కరగగలిగినదాన్నల్లా ఆ నీరు వెంట తీసుకుపోతూనే ఉంది.

గోతి గోడ మీద రంగులు

ఈ అడవిలో గొయ్యి తవ్వితే, ఎక్కువ చోట్ల, మొదట తగిలేది మట్టి కాదు. 3 నుంచి 15 సెంటీమీటర్ల మందాన రాలిన ఆకులు, సూదులు, పుల్లలు, వేళ్ల పీచు పేరుకుని మెత్తని చాపలా ఉంటుంది. పైన ఈ ఏటి ఆకులు గుర్తుపట్టేలా ఉంటాయి, మధ్యలో సగం కుళ్లినవి, అడుగున నల్లగా జిడ్డుగా ఉన్న హ్యూమస్. చెట్లకు ఆహారం తెచ్చే సన్నవేళ్లలో పెద్ద వాటా ఈ చాపలోనే తిరుగుతుంది. దీని పీహెచ్ 4కు అటూ ఇటూ. పీహెచ్ కొలతలో ఒక అంకె తగ్గితే ఆమ్లత పది రెట్లు పెరిగినట్టు. మన వరి పొలాలు, మెట్ట చేలు సాధారణంగా 6 నుంచి 8 మధ్య ఉంటాయి కాబట్టి తేడా ఎంతటిదో ఊహించవచ్చు.

నల్లని చాప అడుగున, కొన్ని సెంటీమీటర్ల మందాన, బూడిద తెలుపు పొర ఒకటి కనిపిస్తుంది. మొదటిసారి చూసినవాళ్లు ఎప్పుడో అడవి కాలిన బూడిద అనుకుంటారు. అది కడిగి కడిగి మిగిలిన క్వార్ట్జ్ ఇసుక. దాని కిందే ముదురు గోధుమ, జేగురు రంగు పొర చాలా చోట్ల గీత గీసినట్టు మొదలవుతుంది. కిందికి పోయేకొద్దీ ఎరుపు పలచబడి పసుపుకు తిరుగుతుంది. అర మీటరు, అంతకు కొంచెం పైన లోతు దాటితే బూడిద ఆకుపచ్చని గట్టి టిల్, లేదా నేరుగా బండ. పాడ్జాల్ నేలల గుర్తు ఈ రంగుల వరుసే.

రంగులు ఇలా విడిపోవడం వెనకున్న రసాయనం అందమైనది. చలి వల్ల, ఆకుల్లో జిగురు పదార్థాలు ఎక్కువ కావడం వల్ల కుళ్లడం నెమ్మదిగా, సగంసగంగా సాగుతుంది. ఆ సగం కుళ్లులోంచి సేంద్రియ ఆమ్లాలు నీళ్లలోకి దిగి, టీ డికాషన్ రంగులో మన్నులోకి ఇంకుతాయి. ఇసుక రేణువుల మీద పూతగా ఉన్న ఇనుమును, అల్యూమినియాన్ని ఆ ఆమ్లాలు పట్టుకుని కరిగించి, తమతో కలిపి మోసుకుపోతాయి. పూత పోయిన ఇసుక తెల్లబడుతుంది. కిందికి పోయేకొద్దీ ఆ మిశ్రమంలో లోహం పాలు ఎక్కువై, ఆమ్లత కొంత తగ్గి, ఇక కరిగి ఉండలేక అక్కడే పేరుకుంటుంది. జేగురు పొర అలా ఏర్పడుతుంది. ఈ వరుస కంటికి తేటగా కనబడడానికి కొన్ని వందల ఏళ్లు, బాగా ముదరడానికి వేల ఏళ్లు పడుతుంది.

తెలుగు నేల మీద ఇదే రసాయనం తలకిందులుగా నడిచింది. వేడీ వానా కలిసిన చోట ఆకుల కుళ్లు త్వరగా ముగిసిపోతుంది, సేంద్రియ ఆమ్లాలు నిలవవు. అక్కడ ముందుగా కరిగిపోయేది సిలికా. ఇనుము, అల్యూమినియం పైనే మిగిలిపోతాయి. తెలంగాణ ఎర్ర చెల్కల రంగు అలా మిగిలిన ఇనుముదే. విశాఖ మన్యంలో గాలికొండ, చింతపల్లి ప్రాంతాల కొండల నెత్తిన ఉన్న బాక్సైట్ నిక్షేపాలు అలా కోట్ల ఏళ్లుగా మిగిలి చిక్కబడ్డ అల్యూమినియం. ఒకే లోహం ఒకచోట కొండ నెత్తిన మిగిలింది, ఇంకోచోట నేలలోకి దిగిపోయింది. చలీ వేడీ మధ్య తేడా నేల పుట్టుకలో ఎంత పని చేస్తుందో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

వాలును బట్టి కూడా ఈ పొరలు మారతాయి. నీరు నిట్టనిలువుగానే దిగదు. బండ పలచగా కప్పి ఉన్న శిఖర భాగాల్లో అది పక్కకు, వాలు వెంట పారుతుంది. హబ్బర్డ్ బ్రూక్‌లో స్కాట్ బెయిలీ, డొనాల్డ్ రాస్ బృందాలు చేసిన పరిశీలనల్లో పై వాలులో మందమైన తెల్ల పొర ఒక్కటే ఉన్న నేలలు, కొంచెం దిగువన మందమైన నల్లజేగురు పొర ఒక్కటే ఉన్న నేలలు కనబడ్డాయి. పైన కరిగిన లోహం అదే గోతిలో కిందికి దిగకుండా వాలు వెంట కొంత దూరం ప్రయాణించి పేరుకుందన్నమాట. ఒక్క గొయ్యి చూసి కొండనంతా తేల్చేయరాదని దీనితో తేలింది.

రాళ్ల మధ్య కొలవడం

ఈ నేలలో ఎంత కాల్షియం ఉంది, ఎంత కర్బనం ఉంది అని కొలవడం చెప్పినంత తేలిక కాదు. పొలంలోనైతే గొట్టం దింపి నమూనా తీస్తారు. ఇక్కడ గొట్టం నాలుగు వేళ్ల లోతులో రాయికి కొట్టుకుని ఆగిపోతుంది. రాళ్లు లేని చోటు వెతికి దింపితే అంచనా తప్పుతుంది, ఎందుకంటే రాయి ఆక్రమించిన జాగాలో మన్ను లేదు కదా. అందుకని 1980ల మొదట్లో వేరే పద్ధతి పట్టారు. అర చదరపు మీటరు వైశాల్యమున్న చట్రాన్ని నేల మీద బిగించి, దాని లోపల ఉన్నదంతా, వేళ్లు, మన్ను, గులకలు, గుండ్లు, పొరల వారీగా తవ్వి జల్లించి తూకం వేస్తారు. పెద్ద గుండ్లు అడ్డొస్తే వాటి ఘనపరిమాణాన్ని కొలిచి లెక్కలో కలుపుతారు. హబ్బర్డ్ బ్రూక్ లోయలోని వాగుల్లో 5వ నంబరు దాని పరీవాహక ప్రాంతంలో 1983–84లో చెట్లు కొట్టకముందు ఇలాంటి గోతులు 60 తవ్వారు, కొట్టాక మళ్లీ మళ్లీ వెళ్లి తవ్వారు. అడవి నేల సారం గురించిన నమ్మదగిన అంకెల వెనుక ఇంత చాకిరీ ఉంది.

పైపెచ్చు ఇక్కడి మన్ను ఒక చోట నిలిచి ఉండేది కాదు. పెనుగాలికి చెట్టు కూలితే వేళ్ల పళ్లెంతో పాటు టన్నుల కొద్దీ రాళ్లూ మన్నూ పైకి లేస్తాయి. వేళ్లు కుళ్లాక అదంతా గుట్టగా కూలుతుంది, పక్కన గుంట మిగులుతుంది. 1938 సెప్టెంబరు 21న న్యూ ఇంగ్లండ్‌ను కొట్టిన తుఫాను అడవుల్లో అలాంటి గుంటలు, గుట్టలు లెక్కలేనన్ని వదిలింది. తెల్ల పొర, ఎర్ర పొర తిరగబడి కలిసిపోయి, వాటి విభజన మళ్లీ మొదటి నుంచి జరగాల్సి వస్తుంది.

సేద్యం నిలవని చోటు

యూరప్ నుంచి వచ్చిన వలసదారులు పద్దెనిమిది, పందొమ్మిదో శతాబ్దాల్లో న్యూ ఇంగ్లండ్ కొండపాదాల అడవిని కొట్టి పొలాలు, గొర్రెల బీళ్లు చేశారు. చెట్ల నీడ పోవడంతో నేల చలికాలంలో లోతుగా గడ్డకట్టసాగింది. గడ్డకట్టి కరిగిన ప్రతిసారీ కింది రాళ్లు పైకి జరుగుతాయి. ప్రతి వసంతంలోనూ దున్నేముందు రాళ్లు ఏరాల్సిందే. ఏరిన రాళ్లతో కట్టినవే న్యూ ఇంగ్లండ్ పేరుపొందిన రాతి గోడలు. పందొమ్మిదో శతాబ్దం నడుమ దాటాక పశ్చిమాన రాళ్లులేని ప్రెయిరీ భూములు దొరికేసరికి కొండ రైతులు చేలు వదిలి వెళ్లిపోయారు. ఇవాళ ఆ గోడలు అడవి మధ్యలో ఉన్నాయి. అడవి తిరిగి రాగలిగిందన్నది నిజమే కాని, దున్నిన నేలలో తెల్ల పొరా జేగురు పొరా కలిసిపోయిన ఆనవాలు ఇప్పటికీ చెరగలేదు.

ఆమ్లత సమస్య ఈనాటి పెరళ్లలోనూ ఉంది. బోస్టన్, నాషువా పరిసరాల్లో గోంగూర, తోటకూర వేసుకునే తెలుగు కుటుంబాలు కూడా, అక్కడి మిగతా తోటమాలుల్లాగే, మడికి సున్నపురాతి పొడి చల్లుకోవాల్సి వస్తుంది. బ్లూబెర్రీ పొదలకు మాత్రం ఆ అవసరం లేదు. ఆమ్లమే వాటికి హితవు.

చాపలోని జీవం

డెన్మార్క్ అటవీ అధికారి పీటర్ ఎరాస్మస్ ముల్లర్ 1870ల చివర్లో బీచ్ అడవులను పరిశీలించి, ఆకుచాప రెండు తీరులుగా ఉంటుందని చెప్పాడు. వానపాములు ఆకును మన్నులోకి కలిపేసేచోట నల్లని గుల్లమట్టి తయారవుతుంది. దాన్ని మల్ అన్నాడు. ఆమ్లత ఎక్కువై వానపాములు లేనిచోట ఆకు మన్నుతో కలవకుండా పైనే పేరుకుంటుంది, అది మోర్. వైట్ మౌంటెన్స్‌లో ఉన్నది ఎక్కువగా మోర్, లేదా రెంటికీ నడిమి రకం. హిమఫలకం కప్పిన ఈ ప్రాంతంలో స్వదేశీ వానపాములు అసలు లేవు. ఇప్పుడు కనబడేవి యూరప్, ఆసియాల నుంచి మనుషులతో వచ్చినవి. మన దగ్గర వానపామును రైతు నేస్తమంటాం, అది సరైన మాటే. ఇక్కడ మాత్రం అవి చేరిన అడవుల్లో ఆకుచాప కొద్ది ఏళ్లలో మాయమై, దాని మీద ఆధారపడ్డ మొలకలు, పూలమొక్కలు తగ్గిపోతున్నాయి. ఎక్కువ రకాలు తీవ్రమైన ఆమ్లాన్ని తట్టుకోలేవు కాబట్టి ఎత్తు ప్రాంతాల నేలలకు కొంత రక్షణ ఉంది.

వానపాములు లేనంత మాత్రాన ఈ చాప నిర్జీవం కాదు. పురుగులు, సూక్ష్మకీటకాలు, వాటిని తినే సాలమాండర్లు దీన్నిండా ఉంటాయి. బల్లి ఆకారంలో, తడి చర్మంతో, వేలెడంత ఉండే ఉభయచరాలివి. పగలు రాళ్ల కింద, కుళ్లిన దుంగల్లో దాక్కుంటాయి కాబట్టి నడిచి పోయేవారికి కనబడవు. 1970ల్లో థామస్ బర్టన్, జీన్ లైకెన్స్ హబ్బర్డ్ బ్రూక్‌లో లెక్కగడితే, ఆ అడవిలోని సాలమాండర్ల మొత్తం బరువు గూళ్లు కట్టే కాలంలోని పక్షులన్నిటి బరువుకు రెట్టింపుకు పైగా తేలింది. వాటిలో అత్యధిక భాగం ఎర్ర వీపు సాలమాండరే. చర్మంతోనే ఊపిరి తీసే ఈ ప్రాణి నేల పీహెచ్ 4 కన్నా బాగా తగ్గిన చోట నిలవలేదు.

శిలీంధ్రాల సంగతి ఇంకా గొప్పది. చెట్టు వేళ్లకు తొడుగులా అల్లుకునే శిలీంధ్రాలు చెట్టు దగ్గర చక్కెర తీసుకుని, తమ సన్నపోగులతో తెచ్చిన ఖనిజాలను దానికిస్తాయి. 1997లో స్వీడన్ పాడ్జాల్ నేలల్లోని ఇసుక రేణువులను సూక్ష్మదర్శిని కింద చూసిన పరిశోధకులకు ఫెల్డ్‌స్పార్ రేణువుల లోపల సన్నని సొరంగాలు కనిపించాయి. శిలీంధ్ర పోగులు ఆమ్లం విడుస్తూ రాయిని తొలుచుకుని పోయిన దారులవి. జోయెల్ బ్లమ్ బృందం 2002లో హబ్బర్డ్ బ్రూక్ నేలల్లోని కాల్షియం జాడ తీసి, స్ప్రూస్, ఫిర్ వంటి చెట్లకు అందుతున్న కాల్షియంలో గణనీయమైన భాగం అపటైట్ అనే ఖనిజం నుంచి వేళ్ల శిలీంధ్రాల ద్వారానే వస్తోందని చూపింది. రాళ్లు ఈ నేలకు దోషమని రైతు అనుకున్నాడు. అడవికి మాత్రం దాని కొత్త ఆహారం ఉన్నది ఆ రాళ్లలోనే. ఈ నేలల గురించి ఒక్క విషయమే గుర్తుంచుకోవాలంటే దీన్నే గుర్తుంచుకోమంటాను.

హబ్బర్డ్ బ్రూక్ లెక్కలు

అమెరికా అటవీ సేవ 1955లో హబ్బర్డ్ బ్రూక్ లోయలో సుమారు 3,160 హెక్టార్లను ప్రయోగ అటవీక్షేత్రంగా కేటాయించింది. అప్పటి ఆసక్తి నీటి మీద: చెట్లు కొడితే ఏరు ఎంత పెరుగుతుంది, వరదలెలా మారతాయి అని. లోయలోకి దిగే చిన్న చిన్న పిల్లవాగులకు బండ మీదే కాంక్రీటు కట్టి, వి ఆకారపు గాడి గుండా నీరు పారేలా చేసి, ప్రవాహాన్ని కొలిచేవారు. డార్ట్‌మత్ కళాశాలలో పనిచేస్తున్న వృక్షశాస్త్రజ్ఞుడు హెర్బర్ట్ బోర్మన్, జలజీవ శాస్త్రజ్ఞుడు జీన్ లైకెన్స్, భూగర్భ శాస్త్రజ్ఞుడు నోయ్ జాన్సన్, అటవీ సేవకు చెందిన రాబర్ట్ పియర్స్ 1963లో దీనికి ఒక ఆలోచన జోడించారు. అడుగున నీరు ఇంకని బండ ఉంది కాబట్టి వాగు పరీవాహక ప్రాంతం మొత్తాన్నీ ఒక ప్రాణిగా పరిగణించి, వానతో లోపలికి వచ్చిన ప్రతి పదార్థాన్నీ, వాగుతో బయటికి పోయిన ప్రతి పదార్థాన్నీ కొలిస్తే, అడవి ఆరోగ్యం తెలుస్తుందన్నారు.

తొలి ఏడాది తీసిన వాన నమూనాల్లో ఒకదాని పీహెచ్ 3.7. స్వచ్ఛమైన వాన పీహెచ్ 5 దాటి ఉండాలి. తరవాతి ఏళ్లలో సగటు కూడా 4.1 దగ్గరే నిలిచింది. ఆ లోయ దగ్గర్లో పెద్ద ఫ్యాక్టరీ లేదు. వందల కిలోమీటర్ల దూరాన, మధ్య పశ్చిమ రాష్ట్రాల్లో బొగ్గు కాల్చే విద్యుత్ కేంద్రాల పొగలోని గంధకం గాలితో వచ్చి సల్ఫ్యూరిక్ ఆమ్లమై కురుస్తోంది. ఆమ్ల వర్షం అన్న మాటను బ్రిటన్‌లో రాబర్ట్ ఆంగస్ స్మిత్ 1872 నాటికే వాడాడు. స్వీడన్‌లో స్వాంటే ఓడెన్ 1960ల చివర్లో హెచ్చరించాడు. ఉత్తర అమెరికాలో దాన్ని కొలతలతో నిరూపించింది హబ్బర్డ్ బ్రూక్ బృందం. 1974లో సైన్స్ పత్రికలో వచ్చిన వారి వ్యాసం తరవాత ఇది పత్రికల్లో, చట్టసభల్లో చర్చకు ఎక్కింది.

నేల అప్పటికే ఆమ్లమైనది కదా, ఇంకొంత ఆమ్లం పడితే నష్టమేమిటి? ఆనాడు చాలామంది ఇదే అడిగారు. నేలలో సహజంగా తయారయ్యే సేంద్రియ ఆమ్లాలు లోహాన్ని కొంత దూరం మోసి కింది పొరలో దింపేస్తాయి. గంధకపు ఆమ్లం అలా ఆగదు. అందులోని సల్ఫేట్ నీటితో పాటు ఏటి దాకా పోతుంది, పోతూ తనతో సమానంగా ధన విద్యుదావేశమున్న పదార్థాన్ని లాక్కుపోతుంది. మొదట పోయేవి కాల్షియం, మెగ్నీషియం. శిలీంధ్రాలు, నీరు రాయిని కొంచెం కొంచెంగా అరగదీసి ఇచ్చిన కాల్షియాన్ని ఈ నేల వేల ఏళ్లుగా మట్టిరేణువుల మీద, హ్యూమస్ మీద గాదెలో గింజలు దాచినట్టు దాచుకుంది. ఇరవయ్యో శతాబ్దపు కొన్ని దశాబ్దాల్లోనే వేళ్లకు అందే ఆ నిల్వలో సుమారు సగం పోయి ఉంటుందని అంచనా. లైకెన్స్, చార్లెస్ డ్రిస్కాల్, డొనాల్డ్ బూసో 1996లో ఈ సంగతి ప్రచురించారు. వాన బాగుపడినా ఏరు ఎందుకు త్వరగా బాగుపడడం లేదన్న ప్రశ్నకు అదే జవాబైంది.

కాల్షియం తరిగాక దాని స్థానంలోకి అల్యూమినియం వస్తుంది. పీహెచ్ 5 దిగువకు పోతే మట్టి ఖనిజాల్లో బిగుసుకుని ఉన్న అల్యూమినియం కరిగి విడివడుతుంది. వేళ్ల కొసల్లో చేరి కాల్షియం లోపలికి రాకుండా అడ్డుపడుతుంది. ఏటిలో కలిసి చేపల మొప్పల మీద పేరుకుని ఊపిరాడనివ్వదు. న్యూయార్క్ రాష్ట్రంలోని అడిరాండాక్ కొండల చెరువులు కొన్నింటిలో చేపలు పూర్తిగా పోయాయి. నీరు మాత్రం అద్దంలా తేటగా ఉండేది.

చెట్ల మీద దెబ్బ ముందుగా ఎత్తు ప్రాంతాల రెడ్ స్ప్రూస్ మీద కనిపించింది. వెర్మాంట్ రాష్ట్రంలోని కేమెల్స్ హంప్ కొండ మీద 1960ల నడుమ నుంచి 1970ల చివరికల్లా స్ప్రూస్ దాదాపు సగానికి పడిపోయిందని హ్యూబర్ట్ వోగెల్మన్, ఆయన సహచరులు చూపారు. కారణం తేలడానికి ఇంకో ఇరవై ఏళ్లు పట్టింది: ఆమ్లపు మేఘాలు, మంచుతెరలు సూదాకుల కణపొరల నుంచి కాల్షియాన్ని కడిగేయడంతో చలిని తట్టుకునే శక్తి పోయి, సూదులు శీతాకాలంలో గడ్డకట్టి ఎర్రబడి రాలిపోతున్నాయి. షుగర్ మేపుల్‌కు కాల్షియం అవసరం మరీ ఎక్కువ. హబ్బర్డ్ బ్రూక్ అడవి 1980ల్లోనే దాదాపుగా పెరగడం మానేసింది, ఆ వయసు అడవి ఇంకా పెరగాల్సి ఉండగానే.

నేల కాల్షియం లోటు పక్షిగుడ్డు దాకా పోతుందని నెదర్లాండ్స్ నుంచి తెలిసింది. ఆమ్లత పెరిగిన అడవుల్లో నత్తలు తగ్గిపోయాయి. నత్తగుల్లలు తిని కాల్షియం తెచ్చుకునే గ్రేట్ టిట్ పిట్టలు పలచని, చిల్లులు పడిన పెంకులతో గుడ్లు పెట్టాయి. 1994లో నేచర్ పత్రికలో వచ్చిన ఈ పరిశీలన చదివితే నేల గురించి రాసే వ్యాసంలో పిట్టల ప్రస్తావన ఎందుకని ఎవరూ అడగరు.

రెండు ప్రయోగాలు

హబ్బర్డ్ బ్రూక్ లోయలో జరిగిన ప్రయోగాల్లో రెండింటిని వివరంగా చెప్పుకోవాలి. మొదటిది 2వ నంబరు పరీవాహక ప్రాంతంలో. 15.6 హెక్టార్ల అడవిని 1965–66 చలికాలంలో కొట్టి, కలపను అక్కడే వదిలేశారు. ఒక్క దుంగ కూడా బయటికి తేలేదు. తరవాత మూడు వేసవులు కలుపు మందు చల్లి మొక్క మొలవకుండా చూశారు. తొలి ఏడాదే ఏటి నీరు దాదాపు 40 శాతం పెరిగింది. నైట్రేట్ ఎన్నో రెట్లు పెరిగి, తాగునీటి పరిమితిని దాటింది. వేళ్లు లేకపోవడంతో ఆకుచాప కుళ్లి విడుదలైన నత్రజనిని అందుకునేవారు లేకపోయారు. అది నైట్రిక్ ఆమ్లంగా మారి నేలలోని కాల్షియాన్ని కూడా వెంటబెట్టుకుపోయింది. ఈ పేద నేలలో సారం నిలిచి ఉండేది మట్టి బలంతో కాదని, బతికున్న వేళ్ల పట్టుతోనని అప్పుడు స్పష్టమైంది. మన్యంలో ఏటవాలు మీద అడవి పోయినచోట రెండు మూడు పంటలకే సత్తువ అయిపోవడం చూసినవారికి ఇది కొత్త సంగతి కాదు. ఇక్కడ దాన్ని కిలోల్లో కొలిచారు.

రెండోది 1వ నంబరు ప్రాంతంలో, 11.8 హెక్టార్లలో. ఆమ్ల వర్షం తీసుకుపోయిన కాల్షియాన్ని తిరిగి ఇస్తే ఏమవుతుందో చూద్దామని, 1999 అక్టోబరులో హెలికాప్టర్ నుంచి వోలాస్టొనైట్ అనే కాల్షియం సిలికేట్ ఖనిజాన్ని గుళికలుగా చేసి చల్లారు. సున్నం చల్లితే చర్య మరీ వేగంగా ఉంటుందని, రాయి అరిగినట్టు నెమ్మదిగా కరిగేదాన్ని ఎంచుకున్నారు. షుగర్ మేపుల్ ఆకులు కోలుకున్నాయి, మొలకలు పెరిగాయి, చలికి స్ప్రూస్ దెబ్బతినడం తగ్గింది. పదిహేనేళ్లలో ఆ అడవి పక్కనున్న అడవి కంటే స్పష్టంగా ఎక్కువ పెరిగింది. కాని దశాబ్దం గడిచాక ఎవరూ అనుకోనిది జరిగింది. ఆమ్లత తగ్గడంతో ఆకుచాప కుళ్లడం వేగం పుంజుకుని, నేలలో దాగిన నత్రజని ఏటిలోకి కారడం మొదలైంది. 2016లో ప్రచురించిన ఫలితాల ప్రకారం అంతకుముందు నత్రజనిని పట్టి ఉంచిన అడవి ఇప్పుడు దాన్ని పోగొట్టుకుంటోంది. పోయినదాన్ని తెచ్చి పోస్తే నేల పాత స్థితికి వెళ్లిపోతుందనుకోవడం పొరపాటని నేను ఈ ఫలితాన్ని అర్థం చేసుకుంటాను. మధ్యలో గడచిన కాలంలో నేల వేరే నేల అయింది.

ఇప్పుడు

1970 నాటి స్వచ్ఛ వాయు చట్టం, మరీ ముఖ్యంగా 1990లో దానికి చేసిన సవరణలు గంధకపు పొగను కట్టడి చేశాయి. అమెరికాలో సల్ఫర్ డయాక్సైడ్ విడుదల 1990తో పోలిస్తే 2020 నాటికి 90 శాతానికి పైగా తగ్గింది. హబ్బర్డ్ బ్రూక్ వాన పీహెచ్ 5 దాటింది. పర్యావరణ చట్టం ఒకటి కొలవగలిగిన ఫలితం ఇచ్చిందనడానికి ఇది గట్టి సాక్ష్యం. పెట్రోలులో సీసం మానేశాక ఆకుచాపలో పేరుకున్న సీసం తగ్గుముఖం పట్టడం కూడా ఇదే కొండల్లో కొలిచారు.

నేల మాత్రం తన వేగంతోనే నడుస్తుంది. గ్రెగరీ లారెన్స్ బృందం ఈశాన్య అమెరికా, తూర్పు కెనడాల్లో 27 చోట్ల పాత నమూనాలు తీసిన తావుల్లోనే మళ్లీ తవ్వి 2015లో ప్రకటించిన ఫలితాల్లో, ఆకుచాపలో అల్యూమినియం తగ్గడం ఎక్కువ చోట్ల కనబడింది. కాల్షియం పెరగడం అంత స్పష్టంగా లేదు. ఏటి నీరైతే వింతగా మారుతోంది: ఆమ్లం తగ్గింది, దానితో పాటు కరిగి వచ్చే ఖనిజాలూ తగ్గి, ఖనిజాలు తీసేసిన నీటికి దగ్గరవుతోందని లైకెన్స్, బూసో 2012లో రాశారు. స్ప్రూస్ చాలా చోట్ల తిరిగి పుంజుకుంటోంది.

ఇలాంటి నేలలు మరికొన్ని చోట్ల మరో రూపంలో ఉన్నాయి. దక్షిణాన గ్రేట్ స్మోకీ కొండలకు హిమఫలకం చేరలేదు కాబట్టి అక్కడి నేలలు పాతవి, లోతైనవి. అయినా ఎత్తుల్లో ఆమ్లత ఇంతే. అక్కడి అనకీస్టా శిలలో గంధకం ఉంది. రోడ్ల కోసం దాన్ని కోస్తే బయటపడ్డ రాయి నుంచే ఆమ్లం కారి వాగుల్లో చేపలు చచ్చిపోయాయి. హిమాలయాల్లో దేవదారు, ఫిర్ అడవుల కింద ఆమ్లపు గోధుమ నేలలున్నాయి. నీలగిరుల షోలా అడవుల నేల కూడా చల్లని ఎత్తులో హ్యూమస్ నిండిన ఆమ్ల నేలే, కాని దాని కింద ఉన్నది ఉష్ణమండలపు లోతైన ఎర్రమన్ను.

వైట్ మౌంటెన్స్ నేలల ముందు ఇప్పుడు రెండు కొత్త ఒత్తిళ్లున్నాయి. ఒకటి, మాను మాత్రమే కాక కొమ్మారెమ్మా సహా చెట్టు మొత్తాన్ని ఇంధనం కోసం తరలించే పద్ధతి. బెరడులో, రెమ్మల్లో కాల్షియం వాటా ఎక్కువ. మాను తీసి మిగతాది అక్కడే వదిలితే నేలకు తిరిగి చేరేది ఇప్పుడు లారీ ఎక్కుతుంది. రెండోది మంచు తగ్గడం. మందమైన మంచు కప్పి ఉన్నంతకాలం కింద నేల గడ్డకట్టదు. చలికాలం వేడెక్కి మంచు పలచబడితే నేల బోసిపోయి, చలిగాలి వీచిన రాత్రి గడ్డకడుతుంది. పీటర్ గ్రాఫ్‌మన్, సహచరులు 1990ల చివరి నుంచి హబ్బర్డ్ బ్రూక్‌లో చదరాలు గీసి, పడిన మంచును పారలతో తీసేసి దీన్ని పరీక్షించారు. ఆకుచాపలోని సన్నవేళ్లు చచ్చి, నత్రజని నీటిలోకి జారిపోయింది. పమేలా టెంప్లర్ బృందం ఇంకో అడుగు ముందుకు వేసి, వేసవిలో భూమిలో తీగలు పాతి నేలను వేడి చేస్తూ, చలికాలంలో మంచు తీస్తూ రెండు మార్పులనూ ఒకేచోట కొలుస్తోంది. వేసవి వేడికి పెరిగిన సత్తువను చలికాలపు గడ్డ చంపేస్తున్నట్టు ఆ చదరాల్లోని మేపుల్ వేళ్లలో కనబడుతోంది.